హిమగిరియు నల్లమలయు: చలికాలపు కొండను చూచు విద్య

మన పల్నాటిసీమకును మంచుకొండలకును ఏమి సంబంధమని ఈ శీర్షికను చూచినవారికి సందేహము కలుగవచ్చును. ఎండలకు పేరువడసిన రెంటచింతల మన సీమలోనిదే. నాపరాతి నేలలు, మిరపతోటలు, ప్రత్తిచేలు మన కన్నులకు అలవాటైనవి. వెల్దుర్తిలో పుట్టి పెరిగి, ఊరు విడిచి పోని వృద్ధుడు ఆకాశమునుండి మంచు రాలుట ఒక్కనాడైనను చూచి యుండడు. అయినను నేడు మన పిల్లలు చదువులకును, ఉద్యోగములకును, సైనికవృత్తికిని మంచు కురియు ప్రదేశములకు పోవుచున్నారు. అట్టివారికి మంచు మొదట వింత, పిమ్మట వినోదము. శని ఆదివారములు సెలవు దొరకగానే స్నేహితులతో కొండకు పోయి, మంచుపలకపై జారి, ఛాయాచిత్రములు తీసి యింటికి పంపుట సాధారణమైనది. ఆ చిత్రములను చూచి తలిదండ్రులు సంతసింతురు.

కాని మంచు అంతయు ఒక్కటి కాదు. నిన్న క్షేమముగా నుండిన వాలు నేడు ప్రాణాంతకము కావచ్చును. ఈ భేదమును తెలిసికొనుటకు ధైర్యము చాలదు. చూచుట నేర్చిన కన్ను కావలెను. ఆ కన్నును మన యూరనే, మన కొండను చూచియే కొంతవరకు అలవరచుకొనవచ్చునని చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. మంచు అను మాట

తెలుగున మంచు అను ఒక్క మాటతో మనము పెక్కు వస్తువులను పిలుచుచున్నాము. తెల్లవారుజామున గడ్డిపై నిలుచు నీటిబొట్టులు మంచు. బాటమీదను చెఱువుమీదను పొగవలె క్రమ్మునది మంచు. హిమాలయములపై కురియు తెల్లని రజము మంచు. గడ్డకట్టిన నీరు మంచుగడ్డ. సంస్కృతమున హిమము, నీహారము, తుషారము మొదలగు మాటలున్నను అమరకోశము వానిని పర్యాయపదములుగానే చెప్పినది. మాట ఒక్కటియైనను వస్తువులు వేరు. పాఠము తేటపడుటకై మనము వానికి వేరువేరు పేర్లు పెట్టుకొందము.

గాలిలోని ఆవిరి చల్లని ఆకును తాకి నీరైనచో అది మంచుబిందువు. అదే ఆవిరి గాలిలోనే సూక్ష్మమైన నీటితుంపరలుగా మారి నిలిచినచో అది పొగమంచు. ఆకు మిక్కిలి చల్లబడి, సున్న డిగ్రీలకు దిగినప్పుడు, ఆవిరి నీరు కాకయే తెల్లని పొరగా పేరుకొనును. దానిని పేరుమంచు అందము. మేఘములో ఆవిరి స్ఫటికములుగా పెరిగి నేలకు రాలినచో అది హిమము.

హిమస్ఫటికమునకు ఆరు కోణములుండును. ఇది ఏల అని 1611వ సంవత్సరములో కెప్లరు అను ఖగోళశాస్త్రజ్ఞుడు ఒక చిన్న గ్రంథమునే వ్రాసెను. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున జెరికో అను గ్రామపు రైతు విల్సన్ బెంట్లీ, సూక్ష్మదర్శినికి కెమెరాను జతచేసి, 1885 జనవరి 15వ తేదీన ఒక్క హిమస్ఫటికముయొక్క చిత్రమును తీయగలిగెను. అతడు 1931లో మరణించుదాక ఐదువేలకు పైగా చిత్రములను తీసెను. జపానులో నకాయా ఉకిచిరో అను శాస్త్రజ్ఞుడు 1936లో ప్రయోగశాలయందే హిమస్ఫటికమును పెంచి, దాని ఆకారము గాలియొక్క చలిని, తేమను బట్టి మారునని నిరూపించెను. కావున రాలిన రవ్వను చూచి పైనున్న మేఘముయొక్క స్థితిని ఊహింపవచ్చును. చూచుటవలన తెలియుట యనగా నిట్టిదే.

2. మనకు హిమము ఏల కురియదు

ఈ ప్రశ్నకు చిన్న లెక్క చాలును. పైకి పోవుకొలది గాలి చల్లబడును. సగటున ప్రతి వేయి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. చలికాలపు పగటివేళ మన యూర 28 డిగ్రీలున్నవనుకొందము. 28ని ఆరున్నరచే భాగించిన 4.3 వచ్చును. అనగా సుమారు 4,300 మీటర్ల ఎత్తున గాని సున్న డిగ్రీలు రావు. నల్లమలలోని ఎత్తైన శిఖరములు వేయి మీటర్లకు కొంచెము అటునిటుగా నున్నవి. అందువలన ఆ కొండలు చలికాలమున పొగమంచును కప్పుకొనునే గాని హిమమును కప్పుకొనవు.

మన రాష్ట్రమున పేరుమంచు కనబడు తావు లేకపోలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి మండలమందలి లంబసింగి సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్నది. మేఘములు లేక, గాలి వీచక యుండు పుష్యమాసపు రాత్రులలో నేల తన వేడిమిని ఆకాశమునకు వదలును. చల్లని గాలి బరువైనది గనుక వాలులవెంట జారి పల్లమున నిలుచును. అట్టి ఉదయములలో గడ్డిపై తెల్లని పొర కనబడుటకలదు. చూచువారు దానిని హిమపాతమని చెప్పుకొందురు గాని అది ఆకాశమునుండి రాలినది కాదు, ఆకుమీదనే పుట్టినది.

మరియొక సంగతి. గంగకు వానలతోపాటు హిమాలయపు మంచునీరు కూడ వచ్చును. మన కృష్ణ మహాబలేశ్వరమున పుట్టి వానలనే నమ్ముకొన్న నది. నాగార్జునసాగరమునకు వచ్చు నీటిలో కరగిన హిమము లేదు. మంచు మన జీవనములో కనబడకుండుటకు ఇదియు నొక కారణము. కనబడనిదానిని గూర్చి మనకు భయమును లేదు, జాగ్రత్తయు లేదు.

3. మంచుపలక

స్నోబోర్డు అను మంచుపలక పాత వస్తువు కాదు. రెండు కాళ్ళకు రెండు బద్దలు కట్టుకొని మంచుపై జారుట ఐరోపాలో ప్రాచీనము. ఒకే పలకపై అడ్డముగా నిలిచి జారు ఆట 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున మొలకెత్తెను. షెర్మన్ పాపెన్ అను ఆయన క్రిస్మసునాడు తన కుమార్తెల ఆటకై రెండు బద్దలను చేర్చి కట్టెను. అది స్నర్ఫరు అను పేర బజారుకు వచ్చెను. 1977 మొదలు జేక్ బర్టన్ కార్పెంటరు వెర్మాంటులో కాళ్ళను బిగించు కట్లుగల పలకలను చేసి అమ్మసాగెను. 1998లో జపానులోని నగానో నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటకు మొదటిసారి స్థానము లభించెను. మన దేశమున కాశ్మీరములోని గుల్మార్గు ఇట్టి క్రీడలకు ముఖ్యస్థానము. అది 2,650 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి తీగబండి అఫర్వత్ కొండపై సుమారు 3,950 మీటర్ల వరకు మనుష్యులను చేర్చును. ఉత్తరాఖండములోని ఔలియు నిట్టి స్థలమే.

పలక మనిషిని మంచులో కూరుకొనిపోకుండ ఎట్లు నిలుపును? మరల లెక్క చూతము. అరువది కిలోల మనిషి బూట్ల అడుగుల వైశాల్యము రెంటికిని కలిపి సుమారు 400 చదరపు సెంటీమీటర్లనుకొందము. ప్రతి చదరపు సెంటీమీటరుపై 150 గ్రాముల బరువు పడును. పలక పొడవు 150, వెడల్పు 25 సెంటీమీటర్లైనచో వైశాల్యము 3,750. అప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరుపై పడునది 16 గ్రాములే. బురదపొలములో పలక వేసికొని నడచిన రైతునకు ఈ సూత్రము చెప్పవలసిన పనిలేదు. జారునప్పుడు రాపిడివలన పుట్టు వేడిమికి మంచుపైపొర కొంచెము తడియగును. ఆ తడి పలకకు నూనెవలె పనిచేయును. ఉక్కు అంచును మడమవైపున గాని వ్రేళ్ళవైపున గాని వంచి నొక్కినచో పలక మలుపు తిరుగును, లేదా ఆగును. అంచు మంచులో దిగుటయే ఈ విద్యకు ఆధారము. మంచు గట్టిపడినచో అంచు దిగదు. మెత్తనైనచో ఎక్కువగా దిగును. కాబట్టి జారువాడు మంచుయొక్క స్థితిని అడుగడుగున తెలిసికొనవలెను.

4. హిమము మారు విధము

నేలపై పడిన హిమము పడినట్లే యుండదు. గాలి, ఎండ, రాత్రిచలి దానిని దినదినము మార్చుచుండును. ముఖ్యమైన మార్పులు నాలుగు.

మొదటిది కొత్త హిమము. అందు తొమ్మిదిపాళ్ళు గాలియే. దూదివలె నుండును. పది సెంటీమీటర్ల కొత్త హిమమును కరగించిన సుమారు ఒక సెంటీమీటరు నీరు వచ్చును. జారువారికి ఇది మిక్కిలి ప్రియమైనది. కాని హిమపాతము వెలసిన తరువాతి ఒకటి రెండు దినములే ఎక్కువ అపాయకరములు; క్రింది పొర కొత్త బరువునకు ఇంకను అలవాటుపడి యుండదు.

రెండవది గాలి పేర్చిన హిమము. గాలి వీచు వైపున మంచును ఊడ్చి, కొండకు మరుగైన వైపున పోగుచేయును. అది పలకవలె గట్టిపడును. కొండకొమ్మున చూరువలె ముందునకు వ్రేలాడును. ఆ చూరుపై నిలిచినవానికి క్రింద నేలయున్నట్లే తోచును; ఉండునది శూన్యము.

మూడవది పంచదార హిమము. నేల దగ్గర కొంత వెచ్చన, పైన గొప్ప చలి యున్నప్పుడు లోపలి స్ఫటికములు ఆవిరియై మరల పేరుకొని, పంచదార పలుకులవలె విడివిడిగా అగును. ఒకదానికొకటి అంటుకొనవు. ఇది పైకి కనబడదు. మన ప్రాంతపు ఉపమానము చెప్పుదము. వాలుగానున్న అరుగుపై జొన్నలు చల్లి, వానిపై ఒక నాపరాతిపలకను పరచి, దానిమీద కాలు మోపుడు. పలక నిలుచునా? పంచదార హిమముపై గాలి పేర్చిన పలక పడినప్పుడు జరుగునదియు నిదియే. ఒక్క మనిషి బరువునకు కొండవాలంతయు కదలును. దానినే హిమపాళీ పతనమందురు.

నాలుగవది ఎండకు కరగి రాత్రి గడ్డకట్టిన పెచ్చు. ఉదయమున అది అద్దమువలె జారును. మధ్యాహ్నమునకు గింజలు గింజలుగా మెత్తబడును. సాయంకాలమునకు తడిసి బరువెక్కును. ఒకే దినమున ఒకే వాలు మూడు రూపములు దాల్చును.

ఈ పతనములు ఎక్కువగా 30 డిగ్రీల మొదలు 45 డిగ్రీల వరకు గల వాలులపై కలుగును. అంతకు తక్కువైన మంచు సాధారణముగా జారదు. మిక్కిలి నిటారైనచో ఎక్కువగా పేరుకొనకమునుపే రాలిపోవును. వినోదమునకై జారువారికి నచ్చు వాలులు చాలవరకు ఆ నడిమి కొలతలోనివే. అపాయము ఇచ్చటనే యున్నది. మంచుక్రింద కప్పబడినవానిని మొదటి పది పదిహేను నిమిషములలో వెలికి తీసినచో బ్రతుకు ఆశ ఎక్కువ. అరగంట దాటినచో ఆ ఆశ వేగముగా క్షీణించును. దూరమునుండి సహాయము వచ్చుటకు ఆ కాలము చాలదు. ప్రక్కనున్న స్నేహితుడే రక్షకుడు. అందుచేతనే ఒంటరిగా పోరాదనియు, ప్రతివాడును సంకేతమునిచ్చు చిన్న యంత్రమును, మడుపుగల పారను, మంచులో గుచ్చిచూచు పొడవైన కడ్డీని వెంట నుంచుకొనవలెననియు నియమము. ఐరోపా, ఉత్తర అమెరికాలలో ఒకటి మొదలు ఐదువరకు అంకెలతో అపాయసూచనను ప్రతిదినము ప్రకటింతురు. మన దేశమున రక్షణశాఖకు చెందిన పరిశోధనసంస్థ యొకటి హిమాలయములకై ఇట్టి సూచనల నిచ్చుచున్నది.

5. కొండను చిత్రించినవారు

కొండకు ఛాయాచిత్రము తీయుట కేవలము అలంకారము కాదు. 1866లో శామ్యూల్ బోర్న్ అను ఇంగ్లీషువాడు హిమాలయములలోని మణిరంగ కనుమపై సుమారు 18,600 అడుగుల ఎత్తున చిత్రములు తీసెను. ఆ కాలమున గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రమును తీసి, అచ్చటనే కడుగవలెను. ఆ చలిలో, ఆ పలుచని గాలిలో, కూలీలచే గాజుపలకలను, మందుసీసాలను, గుడారమును మోయించుకొనిపోయి చేసిన పని అది. 1899లో ఇటలీ దేశస్థుడు విత్తోరియో సెల్లా కాంచనగంగ శిఖరమును చుట్టివచ్చిన బృందముతో పోయి, 1909లో కే-టూ శిఖరప్రాంతమునకు పోయి తీసిన చిత్రములు అందమునకే గాక కొలతలకును ఉపయోగపడినవి. తరువాతివారు ఆ చిత్రములను ముందుంచుకొని దారులను ఆలోచించుకొనిరి.

చిత్రముయొక్క మరియొక ప్రయోజనము కాలము గడచిన తరువాత తెలియును. 1921లో ఎవరెస్టు శిఖరపు ఉత్తరభాగమున జార్జి మాలరీ రోంగ్‌బుక్ హిమనదమును చిత్రించెను. 2007లో డేవిడ్ బ్రషియర్స్ అను అమెరికావాడు అదే తావున నిలిచి అదే దృశ్యమును మరల చిత్రించెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు హిమనదముయొక్క మందము సుమారు 100 మీటర్లు తగ్గినట్లు తేలెను. ఏ యొక్క చిత్రమును చూచినను ఈ సంగతి తెలియదు. తావు మారలేదు గనుక మార్పు కనబడినది. ఇది మనము బాగుగా జ్ఞాపకముంచుకొనదగిన సూత్రము: చూచువాడు నిలకడగా నున్నచో చూడబడుదాని కదలిక తెలియును.

6. తెల్లదనమును పట్టు ఉపాయము

హిమమును మొదటిసారి చిత్రించినవారికి తెల్లని కొండ బూడిదరంగుగా వచ్చుట తరచు. కారణ మిది. కెమెరా తన యెదుటనున్న దృశ్యము సగటున నూటికి 18 పాళ్ళు వెలుగును తిరిగి పంపునని భావించి వెలుగును కొలుచును. మన చేలు, చెట్లు, ఇండ్లు ఇంచుమించుగా అట్లే యుండును. కొత్త హిమము నూటికి 80 మొదలు 90 పాళ్ళు తిరిగి పంపును. అంత వెలుగును చూచి యంత్రము బెదరి తలుపు త్వరగా మూయును. అందుచే మనము ఒక మెట్టు గాని రెండు మెట్లు గాని ఎక్కువ వెలుగు నీయవలెను. ఒక మెట్టనగా రెట్టింపు. రెండు మెట్లనగా నాలుగు రెట్లు. సెల్‌ఫోనులో సహితము తెరపై వ్రేలుంచి వెలుగును పెంచు ఉపాయము కలదు.

రెండవ సంగతి వెలుగు వచ్చు దిక్కు. మబ్బు క్రమ్మినప్పుడు మంచుపై నీడలుండవు. గుంట, మిట్ట, చూరు అన్నియు ఒక్కటే తెలుపు. ఆ చదును వెలుగులో చిత్రము రక్తికట్టదు; జారువానికి ముందున్న గోతియు కనబడదు. చిత్రకారునికి చెడ్డదైన వెలుగు ప్రయాణికునికిని చెడ్డదే. ఉదయ సాయంకాలముల ఏటవాలు వెలుగులో గాలి గీసిన గీతలు, గట్టిపడిన పెచ్చులు, కొమ్మున వ్రేలాడు చూరులు స్పష్టముగా కనబడును. కావున మంచి చిత్రమునకై వెలుగును కాచుకొనువాడు తెలియకయే అపాయమును గూడ పరిశీలించుచున్నాడు.

చలిలో కెమెరా బ్యాటరీల శక్తి త్వరగా తగ్గును. ఒకదానిని చొక్కాలోపల వెచ్చగా నుంచుకొనవలెను. బయటినుండి వెచ్చని గదికి వచ్చునప్పుడు కెమెరాను మూసిన సంచిలోనే కొంతసేపుంచవలెను. లేనిచో మన గడ్డిపై వలెనే కటకముపై మంచుబిందువులు పుట్టును.

7. మనవారు మంచులో

తెలుగువారికి ఈ విషయము దూరమైనది కాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున పుట్టిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. మొదట భువనగిరి రాతికొండపై ఎక్కుట నేర్చి, తరువాత డార్జిలింగులోను లడఖులోను శిక్షణ పొంది, 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరమును చేరెను. ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ ఆమెతోకూడ శిఖరమెక్కెను. మంచెరుగని పల్లెలలో పెరిగిన ఈ పిల్లలు మొదట ఎండకు కాగిన రాతిపై పాదమును నమ్ముట నేర్చిరి. అటుపిమ్మటనే మంచుపై అడుగిడిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 18వ తేదీన ఎవరెస్టుయొక్క నేపాలు వైపున మంచు విరిగిపడి పదునారుగురు నేపాలీ సహాయకులు మరణించిరి.

నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను 172 దినములలో ఎక్కిన ధీరుడు. అంతటి అనుభవజ్ఞుడును 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములపై ఒంటరిగా శిఖరమునకు పోయి తిరిగి రాలేదు. ఏప్రిల్ నెల తొలిదినములలో ఆయన దేహము లభించెను. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమనదముపై సుమారు 19,600 అడుగుల ఎత్తున నున్న సైనికస్థావరముపై మంచు విరిగిపడి, మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది యోధులు బలియైరి. వారిలో ఒకడు నల్లమలకు ఆవలి కర్నూలు జిల్లావాడు.

విజయమునకు సంతసించుట, మరణమునకు దుఃఖించుట సహజము. విద్యార్థులు అంతటితో ఆగరాదు. కొండ అనుభవజ్ఞుని గుర్తుపట్టి దయచూపదు, కొత్తవానిపై కోపింపదు. దాని స్థితిని చూచి నడచుకొనుట, చూచినప్పుడు వెనుకకు మరలుట, ఇవియే మనిషి చేతిలోనున్నవి. శని ఆదివారములకే సెలవున్నవానికి వెనుకకు మరలుట మరింత కష్టము. ఇంతదూరము వచ్చితిమి, ధనము వెచ్చించితిమి, రేపు పనికి పోవలెను అను తలంపు కన్నులకు గంతలు కట్టును. అట్టి ఘడియకై ముందే అభ్యాసము కావలెను.

8. మన కొండపై అభ్యాసము

మన వెల్దుర్తికి దక్షిణ పశ్చిమములుగా నల్లమల పంక్తి యున్నది. మార్గశిరము మొదలు మాఘమాసాంతమువరకు ప్రతి శనివారమో ఆదివారమో ఒక తావున నిలిచి ఆ కొండను చిత్రింపుడని మేము మా విద్యార్థులకు సూచించుచున్నాము. ఇందుకు ఖరీదైన కెమెరా అక్కరలేదు. ఇంట నున్న సెల్‌ఫోను చాలును. అదియు లేనిచో పెన్సిలుతో గీయుడు. నియమములు మాత్రము తప్పరాదు.

నిలుచు తావును ఒక రాతితో గుర్తింపవలెను. ప్రతిసారియు అదే రాతిపై నిలిచి, అదే ఎత్తున, కటకమును ముందుకు లాగక, ఒకే చెట్టును చిత్రపు అంచున నుంచి తీయవలెను. సూర్యోదయమైన అరగంటకు ఒకటి, మధ్యాహ్నమొకటి, సాయంకాలమొకటి చాలును. ప్రతిచిత్రము క్రిందను తేదీ, గంట, గాలి వీచు దిక్కు, ఆకాశముయొక్క స్థితి, గడ్డిపై తడి యున్నది లేనిది వ్రాయవలెను. వ్రాత లేని చిత్రము సగము చిత్రమే.

అట్లు చేసినచో కొన్ని సంగతులు తామే బయలుపడును. ఉదయమున కొండపై సూర్యకాంతి ఎదుటనుండి పడును, లోయలు చదునుగా తోచును. సాయంకాలమున వెలుగు వెనుకనుండి వచ్చును, గట్ల వరుసలు ఒకదాని వెనుక ఒకటిగా విడిపోవును. దూరపు గట్టు దగ్గరి గట్టుకన్న నీలముగాను పలుచగాను కనబడును. మధ్యనున్న గాలి నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టుటయే కారణము. పొగమంచు ఎండ ఎక్కగానే విడిపోవును. చేలలో మోడులు కాల్చిన పొగయు, భోగిమంటల పొగయు అంత త్వరగా పోవు. ఈ రెంటిని చిత్రములో వేరుచేయగలిగినవాడు కొంత చూపు సంపాదించినట్లే.

డిసెంబరు చివర మధ్యాహ్నమున మన యూర సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తున నుండును. అదే దినమున గుల్మార్గులో సుమారు 33 డిగ్రీలే. అచ్చట మధ్యాహ్నమునను నీడలు పొడవు. ఉత్తరపు వాలులపై ఎండ పడుట అరుదు. ఆ వాలులలో మంచు చాలకాలము చలిగాను బలహీనముగాను నిలుచును. భూగోళపు పుస్తకములోని అక్షాంశము ప్రాణరక్షణకు ఎట్లు పనికివచ్చునో ఇందువలన తెలియును.

మరియొక అభ్యాసము. ప్రక్కనుండి కనబడు గట్టుయొక్క చిత్రమును కాగితముపై అచ్చువేసి, కోణమానినితో దాని వాలును కొలువుడు. కెమెరాను వంచక తీసినదై యుండవలెను. ముప్పది డిగ్రీలని తోచిన వాలు ఇరువదే యగుట మీకు ఆశ్చర్యము కలిగించును. కంటికి వాలును హెచ్చుగా చూచు అలవాటు కలదు. కొలిచి కొలిచి కన్నును దిద్దుకొనినవాడు ఒకనాడు మంచుపై నిలిచినప్పుడు ఇది ముప్పది, ఇది ముప్పదియైదు అని చెప్పగలడు. ఆ అయిదు డిగ్రీలలో ఒక ప్రాణముండవచ్చును.

తలిదండ్రులకొక మాట. ఈ అభ్యాసమంతయు ఊరి అంచుననే జరుగవలెను. నల్లమల అడవిలో గొప్పభాగము నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల సంరక్షణప్రాంతము. అటవీశాఖవారి అనుమతి లేక ఎవరును ప్రవేశింపరాదు. పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి పోవలెను. పొగమంచు దట్టముగానున్న ఉదయమున రోడ్డు ప్రక్కను నిలువరాదు. అట్టి దినమున చిత్రము తీయక యింటికి మరలి, పుస్తకములో "నేడు తీయలేదు, కారణము పొగమంచు" అని వ్రాసిన విద్యార్థికి మేము పూర్తి మార్కులిత్తుము. మరలివచ్చుటయు పాఠములో భాగమే.

ప్రశ్నలు

1. మంచుబిందువు, పొగమంచు, పేరుమంచు, హిమము: వీనికి గల భేదములను మీ మాటలలో వ్రాయుడు.

2. ఒక ఊర పగటి ఉష్ణము 13 డిగ్రీలైనచో సున్న డిగ్రీలు ఎంత ఎత్తున వచ్చును? ఆ ఊరిప్రక్క 2,500 మీటర్ల కొండ యున్నచో దానిపై హిమము నిలుచునా?

3. నలుబదియైదు కిలోల బాలుడు పైన చెప్పిన పలకపై నిలిచినచో ప్రతి చదరపు సెంటీమీటరుపై ఎంత బరువు పడును?

4. హిమముపై చదును వెలుగు చిత్రకారునికిని ప్రయాణికునికిని ఏల చెడ్డది?

5. మీ అన్నగారో అక్కగారో మంచుదేశమున నున్నచో, శనివారము కొండకు పోవుటకు ముందు వారు చూచుకొనవలసిన నాలుగు సంగతులను ఉత్తరముగా వ్రాయుడు. వ్రాసినదానిని ఉపాధ్యాయునకు చూపి, పిమ్మట వారికి పంపుడు.